లిమా బస్సులో లోయర్ బెర్త్ ఉండదు

పెరూ రాజధాని లిమా సముద్రం ఒడ్డున ఉంది. మాచు పిచ్చు చూడ్డానికి వెళ్లేవాళ్లంతా చేరుకునే కుస్కో ఊరు 3,400 మీటర్ల ఎత్తున ఆండీస్ కొండల్లో ఉంది. రెండింటి మధ్య దాదాపు 1,100 కిలోమీటర్ల దారి. నేరుగా వెళ్లే రైలు లేదు. విమానం టికెట్టు కొనలేనివాళ్లు బస్సెక్కాలి, ఎక్కితే ఇరవై గంటల పైమాటే. ఆ సీటు ఫోన్లో కొనుక్కుందామని లిమా మనిషి తెరిచే యాప్‌లలో రెడ్‌బస్ ఒకటి. భాష స్పానిష్, ధరలు వాళ్ల కరెన్సీ సోల్‌లలో. ఈ కంపెనీ బెంగళూరులో పుట్టిందనీ, పెట్టిన ముగ్గురిలో ఒకాయనది నిజామాబాద్ జిల్లా అనీ ఆ మనిషికి తెలిసే అవకాశం లేదు. తెలిసినా టికెట్టు ధర తగ్గదు.

మన కంపెనీ ఏదైనా బయటి దేశంలో కాలు పెట్టగానే పేపర్లలో ప్రపంచ పటం వేసి చుక్కలు పెడతారు. ఎన్ని దేశాలో అంకె పెద్దక్షరాల్లో వేస్తారు. నేను చూసేది వేరు. అక్కడ డబ్బులు ఎవరి చేతికి వెళ్తున్నాయి? అర్ధరాత్రి బండి ఆగిపోతే ఎవరు తిరిగిస్తారు? పర్మిట్ ఎవరి పేరు మీద ఉంది? ఈ బుద్ధి నాకు ట్రావెల్స్ కౌంటర్లో అబ్బింది. ఆ తర్వాత విదేశీ బస్సు కంపెనీలకు టికెట్ సాఫ్ట్‌వేర్ చేసే ఆఫీసులో టెస్టింగ్ పని చేస్తున్నప్పుడు ఇంకాస్త ముదిరింది.

మా మేనమామకి లకిడీకాపూల్‌లో చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. బస్సులు ఆయనవి కావు, సీట్లు అమ్మిపెట్టడమే పని. డిగ్రీ రోజుల్లో సాయంత్రాలు నన్ను కౌంటర్లో కూర్చోబెట్టేవాడు. బండికో కాగితం, దాన్నే చార్ట్ అంటారు. గళ్లలో సీటు నంబరు, పేరు, ఎక్కే చోటు. ఫోన్లో అడిగినవాళ్ల పేరు పెన్సిల్‌తో రాయాలి, డబ్బు చేతికొచ్చాక దానిమీద పెన్నుతో దిద్దాలి. ఏడింటికి రానివాళ్ల పేరు రబ్బరుతో చెరిపేసి ఇంకొకరికి ఇచ్చేయాలి. ప్రతి ఏజెంటుకీ ఇన్ని సీట్లని కోటా ఉండేది. మా కోటా అయిపోతే ఆపరేటర్ హెడ్డాఫీసుకి ఫోన్ చెయ్యాలి. పండగ ముందు ఆ లైను కలిసేది కాదు. కూకట్‌పల్లి ఏజెంటు దగ్గర నాలుగు సీట్లు మిగిలి ఉండేవి. ఇక్కడ మేము "ఫుల్లండీ" అని మనుషుల్ని పంపించేసేవాళ్లం. ఆ నాలుగు సీట్లూ ఖాళీగానే విజయవాడ చేరేవి.

"ఒరే అబ్బాయ్, బస్సు మనది కాకపోయినా పర్లేదు, సీటు మన చేతిలో ఉండాలిరా" అనేవాడు మావయ్య. కొన్ని వందల కోట్ల వ్యాపారం మొత్తం ఆ మాటలోనే ఉందని ఆయనకి అప్పుడు తెలియదు.

2005 దీపావళికి బెంగళూరులో ఇదే కథ. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేస్తున్న ఫణీంద్ర సామ ఇంటికి రావాలని ఏజెంట్ల చుట్టూ తిరిగాడు, సీటు దొరకలేదు. ఎక్కడో ఖాళీ ఉండే ఉంటుంది, ఎక్కడో తెలుసుకునే దారి లేదు. పిలానీ బిట్స్‌లో తనతోపాటు చదివిన చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరిలతో కలిసి దానికి సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టాడు. మొదట వాళ్లు అనుకున్నది బస్సు ఓనర్లకి సాఫ్ట్‌వేర్ ఇవ్వడం. ఓనర్లు ఒద్దన్నారు. కాగితం చార్టుతో బాగానే నడుస్తోంటే కంప్యూటర్ దేనికి? అప్పుడు దారి మార్చి, సీట్లు మేమే అమ్మిపెడతాం అన్నారు. అంటే ఇంజినీర్లు కూడా మా మావయ్యలాగా ఏజెంట్లే అయ్యారన్నమాట. 2006 ఆగస్టులో రెడ్‌బస్ మొదలైంది. ఐటీ ఆఫీసుల గేట్ల దగ్గర కార్డులు పంచారు. ఆన్‌లైన్లో డబ్బు కట్టే అలవాటు అప్పటికి కొద్దిమందికే. టికెట్టు ఇంటికి పంపి డబ్బు చేతికి తీసుకునేవాళ్లు. ఓనర్ల సాఫ్ట్‌వేర్ తర్వాత ఎలాగూ వచ్చింది. ముందు డబ్బు చూపించాక వచ్చింది.

2013లో ఐబిబో గ్రూప్ రెడ్‌బస్‌ని కొనేసింది. ఐబిబో వెనక ఉన్నది దక్షిణాఫ్రికాకు చెందిన నాస్పర్స్, చైనాకు చెందిన టెన్సెంట్. 2017లో ఐబిబో మేక్‌మైట్రిప్‌లో కలిసింది. "మనవాళ్ల కంపెనీ అమ్ముడుపోయింది" అని అప్పట్లో చాలామంది నిట్టూర్చారు. ఫణీంద్ర సామ తర్వాత 2018లో తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసర్‌గా వచ్చాడు. కానీ ఒక్కటి గమనించాలి. రెడ్‌బస్ దేశం దాటింది అమ్ముడుపోయిన తర్వాతే. 2015లో సింగపూర్, మలేషియా. ఆపైన ఇండోనేషియా, పెరూ, కొలంబియా. తర్వాత వియత్నాం, కంబోడియా. కొత్త దేశంలో ఏళ్ల తరబడి నష్టానికి ఓర్చుకోవాలంటే పెద్ద చెయ్యి కావాలి. నాస్పర్స్ అప్పటికే లాటిన్ అమెరికాలో డబ్బు పెట్టి ఉంది, అక్కడి చట్టాలూ లాయర్లూ దానికి కొత్త కాదు. సొంత డబ్బుతో అయితే ఆ ముగ్గురు ఇంజినీర్లు లిమాలో ఆఫీసు తెరిచేవాళ్లా అంటే నాకైతే నమ్మకం లేదు.

ఆ దేశాల పేర్లు మరోసారి చూడండి. అమెరికా లేదు, ఇంగ్లాండ్ లేదు. డాలర్లున్న చోటు వదిలేసి కొలంబియాకి ఎందుకు పోయినట్టు? అమెరికాలో కారు లేని ఇల్లు అరుదు. దూరం ఊరెళ్లాలంటే విమానం ఉంది. బస్సులు కూడా ఒకట్రెండు పెద్ద కంపెనీల చేతిలో ఉన్నాయి, అవి తమ సీట్లు తామే అమ్ముకుంటాయి. పెరూ అలా కాదు. కొండలు, రైళ్లు లేని దూరాలు, పదుల కొద్దీ ప్రైవేటు ఆపరేటర్లు. పెద్ద ఆపరేటర్లకి లిమాలో ఎవరి టెర్మినల్ వాళ్లదే. ఒక చోట సీటు లేదంటే ఇంకో టెర్మినల్‌కి టాక్సీ కట్టుకుని పోవాలి. మా చార్టూ కోటాల గొడవే, స్పానిష్‌లో. ఈ కంపెనీ డబ్బున్న దేశాన్ని కాకుండా తనకు బాగా తెలిసిన ఇబ్బంది ఉన్న దేశాన్ని వెతుక్కుంది. పెరూలో అయితే సొంతంగా దిగకుండా బస్‌పోర్టల్ అనే అక్కడి టికెట్ల సంస్థలో వాటా తీసుకుని దిగింది. ఆపరేటర్లతో పాత పరిచయాలున్న మనుషులు ఆ సంస్థతోపాటే వచ్చారు.

మలేషియా కథ కొంచెం వేరు. కౌలాలంపూర్‌లో దక్షిణం వైపు వెళ్లే బస్సులన్నిటికీ 2011లో విమానాశ్రయం లాంటి టెర్మినల్ కట్టారు, టీబీఎస్ అంటారు. టికెట్ల కౌంటర్లన్నీ ఒకే వ్యవస్థ కింద ఉంటాయి. అక్కడ సీటు దొరకడం లేదన్నది పెద్ద సమస్య కాదు. సింగపూర్ నుంచి వచ్చే బస్సులో ప్రయాణికుడు రెండుసార్లు దిగాలి. వుడ్‌లాండ్స్‌లో సింగపూర్ వాళ్ల తనిఖీకి ఒకసారి, జొహోర్ బహ్రులో మలేషియా వాళ్ల తనిఖీకి సామానంతా దింపుకుని ఇంకోసారి. శుక్రవారం సాయంత్రం అక్కడ లైన్లు చూస్తే గుండె జారుతుంది. మన యాప్‌లో బస్సు చేరే సమయం ఇంత అని రాస్తాం కదా, ఈ దారిలో ఆ సమయానికి పూచీ ఎవరు? ఆలస్యమైన ప్రయాణికుణ్ని వదిలేసి బస్సు వెళ్లిపోతే టికెట్టు డబ్బు వెనక్కివ్వాలా? విజయవాడ దారిలో ఈ ప్రశ్న ఎప్పుడూ రాదు.

ఇక సీట్ల పటం. బయటివాళ్లకి ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, టెస్టింగ్‌లో నా నెత్తిమీద జుట్టు సగం ఇక్కడే ఊడింది. మన బస్సు అంటే సీటర్, సెమీ స్లీపర్, స్లీపర్, ఒక వైపు రెండు ఇంకో వైపు ఒకటి, లోయర్, అప్పర్. జంట సీట్లలో ఒకటి ఆడమనిషి తీసుకుంటే రెండోది ఆడవాళ్లకే చూపించాలి. ఒక దేశపు క్లయింటు మా డెమో చూసి, టికెట్టు కొనేవాళ్ల లింగం మీకెందుకు అని అడిగాడు. మా మేనేజరు పావుగంట వివరించాడు. చివరికి ఆ గడి తీసేశాం. తీసేస్తే పక్క సీటు లెక్క మొత్తం పడిపోయింది, ఎందుకంటే ఎప్పుడో మొదటి రోజుల్లో రాసినవాళ్లు ఆ గడి ఎప్పుడూ నిండే ఉంటుందని అనుకున్నారు. పెరూ బస్సులు రెండంతస్తులవి. బెర్తులుండవు, సీటు ఎంత వెనక్కి వాలుతుందో డిగ్రీల్లో చెప్తారు. 140, 160, 180. ఖరీదైన సీట్లు చాలా బండ్లలో కింది అంతస్తులో ఉంటాయి. వియత్నాంకి వెళ్తే మళ్లీ స్లీపర్లే, కానీ మూడు వరసలు, మధ్యలో రెండు సన్నటి నడవలు. ఎక్కేటప్పుడు చెప్పులు విప్పి సంచిలో పెట్టుకోవాలి.

పేర్లు ఇంకో తలనొప్పి. పెరూలో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, ఒకటి తండ్రి వైపు, ఒకటి తల్లి వైపు. దానితోపాటు ఎనిమిది అంకెల గుర్తింపు కార్డు నంబరు, అది లేకుండా ప్రయాణికుల జాబితా పూర్తికాదు. ఇండోనేషియాలో చాలామందికి ఉండేది ఒక్క పేరే. అక్కడ దేశాధ్యక్షులుగా చేసిన సుకర్ణో, సుహార్తోలకి కూడా రెండో పేరు లేదు. "ఇంటిపేరు తప్పనిసరి" అని ఎర్రక్షరాలు చూపించే ఫారం జకార్తాలో నిలబడదు. ఇంటిపేరు ముందు రాసుకునే మనకి ఇదంతా అర్థం కావడం తేలికే. అమెరికా వాళ్లు చేసిన ఫారాలతో మనమూ అవస్థ పడ్డవాళ్లమేగా.

పండగలు మరీ విచిత్రం. మన సంక్రాంతి రద్దీ ఏటా జనవరి రెండో వారంలో వస్తుంది. పెరూ స్వాతంత్ర్య దినోత్సవం జూలై 28. పోయినేడాది అదే తేదీకి ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో చూసి, ఈ ఏడాది ఎన్ని బండ్లు వెయ్యాలో కంప్యూటర్ చెప్పేస్తుంది. ఇండోనేషియాలో రంజాన్‌కి కోట్ల మంది సొంతూళ్లకి బయల్దేరతారు. ముస్లిం కాలెండర్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పోయినేడాది తేదీ పట్టుకుంటే రద్దీ అంతా అయిపోయాక బండ్లు పెట్టమంటుంది ప్రోగ్రాం. ఇలాంటివి అక్కడి మనిషి ఒక్కడు గదిలో ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోతాయి. లేకపోతే ఒక సీజన్ పోతుంది.

అన్నిటికన్నా గట్టి గోడ డబ్బు. కార్డు లేనివాళ్లు, ఉన్నా ఆన్‌లైన్లో వాడటానికి భయపడేవాళ్లు ఈ దేశాలన్నిట్లో బోలెడు. దానికి ఒక్కో దేశం ఒక్కో ఉపాయం కనిపెట్టింది. పెరూలో పాగోఎఫెక్టివో అని ఉంది. ఆన్‌లైన్లో ఏది కొన్నా ఒక కోడ్ ఇస్తారు, దగ్గర్లోని బ్యాంకు ఏజెంటు దగ్గరో కిరాణా కొట్లోనో ఆ కోడ్ చెప్పి నగదు కట్టాలి. ఇండోనేషియాలో వీధి వీధికీ ఉండే ఇండోమారెట్, ఆల్ఫామార్ట్ దుకాణాల్లో ఇదే పద్ధతి. చక్కగానే ఉంది. కానీ కోడ్ ఇచ్చిన క్షణం నుంచి అతను దుకాణానికి నడిచి వెళ్లి కట్టేదాకా ఆ సీటు ఎవరిది? గంట ఆపి ఉంచితే, అతను రాకపోతే ఆ గంటలో నలుగురు కొనేవాళ్లు వెళ్లిపోతారు. పది నిమిషాలే ఆపితే డబ్బు పట్టుకుని దుకాణం లైన్లో నిలబడ్డవాడి సీటు ఊడిపోతుంది. బస్సు రేపు రాత్రికైతే ఒక గడువు, ఇంకో రెండు గంటల్లో ఉంటే ఇంకో గడువు. మా ఆఫీసులో దీనిమీద పెద్దపెద్ద మీటింగులు జరిగేవి. మావయ్య పెన్సిలూ రబ్బరూ చేసిన పని ఇదే. ఫోన్ చేసినవాడి గొంతు వినగానే వీడు వస్తాడో రాడో ఆయనకి తెలిసిపోయేది. ఆ ముక్క మాత్రం మేం ప్రోగ్రాంలో పెట్టలేకపోయాం.

ఈ నగదు గోడ ఒకసారి హైదరాబాద్‌లోనే బద్దలైంది, అది బయటి కంపెనీ కోసం. ఊబర్ అమెరికాలో పెరిగింది కార్డు నమ్ముకునే. ఫోన్లో కార్డు నంబరు ఒకసారి ఇస్తే, దిగగానే డబ్బు దానంతటదే కట్ అయిపోతుంది. జేబులో చెయ్యి పెట్టే పని లేకపోవడమే దాని గొప్ప. మన రిజర్వు బ్యాంకు 2014లో దాన్ని ఒప్పుకోలేదు, ప్రతి చెల్లింపుకీ రెండో ధ్రువీకరణ ఉండాల్సిందే అంది. ఊబర్ ఆ ఏడాది చివర పేటీఎం వాలెట్‌తో సర్దుకుంది. అదీ చాల్లేదు. 2015 మేలో హైదరాబాద్‌లో ప్రయోగంగా నగదు తీసుకోవడం మొదలుపెట్టింది. నగదు అంటే డబ్బు ముందు డ్రైవర్ చేతికి వెళ్తుంది. కంపెనీ కమీషన్ కంపెనీకి ఎలా చేరాలి? డ్రైవర్ ఖాతాలో బాకీ రాసుకుని, కార్డు, వాలెట్ రైడ్లలో కంపెనీ అతనికివ్వాల్సిన దాంట్లోంచి తగ్గించుకోవాలి. లెక్కల వ్యవస్థను తలకిందులు చేసినంత పని. ఇక్కడ కుదిరాక ఆ పద్ధతి ఆఫ్రికాకీ, ఆగ్నేయాసియాకీ, లాటిన్ అమెరికాకీ పోయింది. బయటి కంపెనీ మన ఊరికి పాఠం చెప్పడానికి వచ్చి నేర్చుకుని పోయిందని నేను మిత్రులతో అంటూ ఉంటాను, కాస్త గర్వంగానే.

నేర్చుకున్నంత మాత్రాన గెలుస్తారని కాదు. 2018 మార్చిలో ఊబర్ ఆగ్నేయాసియా వ్యాపారమంతా గ్రాబ్ చేతిలో పెట్టి, బదులుగా గ్రాబ్‌లో 27.5 శాతం వాటా తీసుకుని తప్పుకుంది. మన ఓలాది ఇంకో రకం పాఠం. 2018లో ఆస్ట్రేలియాలో పెర్త్‌తో మొదలుపెట్టి న్యూజిలాండ్, బ్రిటన్ దాకా వెళ్లింది, 2020 ఫిబ్రవరిలో లండన్‌లో దిగింది. ఆ అక్టోబరులోనే లండన్ రవాణా సంస్థ లైసెన్సు పొడిగించేది లేదంది. లైసెన్సు లేని డ్రైవర్లూ, వాహనాలూ వెయ్యికి పైగా ట్రిప్పులు నడిపాయన్నది వాళ్ల అభ్యంతరం. 2024 ఏప్రిల్‌లో ఆ మూడు దేశాల నుంచీ ఓలా బయటికొచ్చేసింది. రెడ్‌బస్ వెతుక్కున్న దేశాలతో పోల్చి చూడండి. పెర్త్‌లో, లండన్‌లో ఊబర్ అప్పటికే పాతుకుపోయి ఉంది. తీరని ఇబ్బంది ఏదీ అక్కడ ఓలా కోసం ఎదురుచూడటం లేదు.

ఇప్పుడు అటునుంచి ఇటు వస్తున్న వాళ్లని చూద్దాం. హైదరాబాద్ - బెంగళూరు దారిలో ఆకుపచ్చ బస్సులు కనిపిస్తున్నాయి కదా, అవి ఫ్లిక్స్‌బస్. పుట్టింది జర్మనీలోని మ్యూనిక్‌లో. రైళ్లకి పోటీ రాకూడదని 1930లలో తెచ్చిన చట్టం వల్ల జర్మనీలో ఊరికీ ఊరికీ మధ్య దూరప్రయాణపు బస్సులు దాదాపు లేనట్టే ఉండేవి. 2013 జనవరి 1న ఆ కట్టు తెగింది. ఫ్లిక్స్‌బస్ ఆ ఏడే రోడ్డెక్కింది. 2018లో అమెరికా వెళ్లి, 2021లో అక్కడి పాత గ్రేహౌండ్ కంపెనీనే కొనేసింది. 2024 ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి, అదే ఏడాది సెప్టెంబరులో బెంగళూరు నుంచి మన దగ్గర మొదలుపెట్టింది. ప్రచారానికి మొదట్లో 99 రూపాయల టికెట్లు కూడా పెట్టింది.

ఇక్కడ దీనికీ సొంత బస్సుల్లేవు. కానీ రెడ్‌బస్‌కీ దీనికీ తేడా ఉంది. రెడ్‌బస్ పదిమంది ఓనర్ల సీట్లు ఒక చోట చూపిస్తుంది, బండి మీద ఓనరు పేరే ఉంటుంది, రేటు చెప్పేదీ ఓనరే. ఫ్లిక్స్‌బస్ ఓనరు బండికి తన రంగు వేయిస్తుంది, తన పేరు రాయిస్తుంది. ఏ ఊరికి ఎన్నింటికి వెళ్లాలో, ఏ రోజు ఏ రేటో అదే చెప్తుంది. బండి, డ్రైవరు, డీజిలు ఓనరువి. మా మావయ్య ఇప్పటికీ ఏజెంటు లాగిన్‌తో టికెట్లు అమ్ముతాడు. ఆయన్ని అడిగితే, "అద్దం మీద ఎవడి పేరు ఉంటే ఏంట్రా, టైరు పంచరైతే జనం పట్టుకునేది క్లీనర్ని" అన్నాడు.

టైరు సంగతి సరే, దానికన్నా చిక్కు పర్మిట్. మన దేశంలో దారిపొడవునా మనుషుల్ని ఎక్కించుకుని దింపే పర్మిట్ వేరు, ఒక బృందాన్ని మాట్లాడుకున్న చోటికి తీసుకెళ్లే పర్మిట్ వేరు. మొదటిది ఎక్కువగా ఆర్టీసీలది. ప్రైవేటు బండ్లు తిరిగేది రెండో రకం మీద, ఇప్పుడు ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ మీద. పన్నులు కలిసొస్తాయని నాగాలాండ్, అరుణాచల్‌లలో రిజిస్టర్ చేయించిన బండ్లు మన రోడ్ల మీద ఎన్ని తిరుగుతున్నాయో నంబరు ప్లేట్లు చూస్తే తెలుస్తుంది. అంటే టికెట్టు కొన్న నలభై మంది, ఒకరి మొహం ఒకరికి తెలియకపోయినా, చట్టం దృష్టిలో కలిసి టూరు వెళ్తున్న బృందం. ఏటా సంక్రాంతికి రవాణా శాఖ అధికారులు తనిఖీలకి దిగేది ఈ సందులోనే. అధిక ఛార్జీలంటారు, పర్మిట్ ఉల్లంఘన అంటారు, కేసులు రాస్తారు, బండ్లు ఆపుతారు.

గిరాకీని బట్టి రేటు పెంచడం తగ్గించడం ఫ్లిక్స్‌బస్ వ్యాపారానికి వెన్నెముక. యూరప్‌లో క్రిస్మస్ ముందు టికెట్టు రేటు పెరిగితే ప్రయాణికుడు విసుక్కుంటాడు, అంతే. ఇక్కడ జనవరి 12న విజయవాడ టికెట్టు మామూలుకి మూడింతలైతే మంత్రిగారు ప్రెస్ మీట్ పెడతారు, ఎల్బీనగర్ దగ్గర బండి పక్కకి ఆగుతుంది. ఆ రేటు పెట్టింది మ్యూనిక్ కంపెనీ లెక్క. చలాన్ రాసేది బండి ఓనరు పేరు మీద. పండగ వారం రేట్లకి పై హద్దు ఎంత, జరిమానా పడితే ఎవరి వాటా ఎంత అన్నది ముందే కాగితం మీద తేల్చుకున్న ఓనర్లకి ఇబ్బంది లేదు. మిగతావాళ్లు సంక్రాంతికి ముందే ఆ అగ్రిమెంటు తీసి ఇంకోసారి చదువుకుంటే మంచిది.